స్టేడియం ఎంత పెద్దది, ఎంత నిండుతుంది

(విజయవాడలో ఫుట్‌బాల్ అభిమానులు, పీఈటీలు, జూనియర్ ఆటగాళ్ల తల్లిదండ్రులు కలిసిన సభలో ఒక సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

నమస్కారం. గుంటూరు, తెనాలి నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. సంతోషం. నేరుగా విషయంలోకి వస్తాను.

మన దగ్గర ఫుట్‌బాల్ మాట ఎత్తగానే ఎవరో ఒకరు లేచి, "ముందు మనకో పెద్ద స్టేడియం కావాలండీ" అంటారు. ఎంత పెద్దది? నలభై వేలు, యాభై వేలు. ఆ కోరిక వెనక ఉన్న ప్రేమ నాకు తెలుసు. అయితే నేను గ్యాలరీలకీ మెట్లకీ గేట్లకీ లెక్కలు కట్టే పనిలో ఉన్నవాణ్ణి. ఆ లెక్కలు చూసీ చూసీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడిపోయింది. బెజవాడకైనా గుంటూరుకైనా ఇప్పుడు కావలసింది అయిదు వేల మంది కూర్చునే మైదానం, దాంట్లో ఏడాదికి కనీసం పదిహేను హోమ్ మ్యాచ్‌లు, అంటే మన జట్టు సొంత ఊళ్లో ఆడే మ్యాచ్‌లు. ఇంకోసారి చెబుతాను. అయిదు వేల సీట్లు, పదిహేను హోమ్ మ్యాచ్‌లు. ఎందుకంటారా? చెబుతాను. ఒప్పుకోనివాళ్లు చివర్లో నిలదీయండి.

పెద్ద అంకె దగ్గర్నుంచే మొదలుపెడదాం. 1997 జూలై 13, కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియం. ఫెడరేషన్ కప్ సెమీఫైనల్. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్. ఈస్ట్ బెంగాల్‌కి కోచ్ పీకే బెనర్జీ, మోహన్ బగాన్‌కి అమల్ దత్తా. ఆ రోజు స్టేడియంలో ఉన్న జనం లక్షా 31 వేలు. లక్షా 31 వేలండీ! బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. మన దేశపు ఫుట్‌బాల్‌లో అంత జనం మళ్లీ ఎక్కడా రాలేదు.

ఇప్పుడు అదే స్టేడియం సామర్థ్యం ఎంత? దాదాపు 68 వేలు. 2017లో అండర్-17 ప్రపంచ కప్పు ఫైనల్ అక్కడే జరిగింది, ఇంగ్లండ్ స్పెయిన్‌ని 5-2తో ఓడించింది. ఆ మ్యాచ్‌కి వచ్చినవాళ్లు 66,684 మంది. సీట్లన్నీ నిండినట్టే. మరి లక్షా 31 వేలు ఎక్కడికి పోయాయి? స్టేడియం కుంచించుకుపోయిందా?

కట్టడం అదే. మారింది కూర్చునే పద్ధతి. అప్పట్లో సిమెంటు మెట్లు. మెట్టు మీద ఎంతమంది ఇరుక్కుంటే అంతమంది. ఇప్పుడు మనిషికో బకెట్ సీటు, దానికి సుమారు అర మీటరు వెడల్పు, మధ్యలో నడిచే దారులు. అప్పటి లెక్క ఎంతమంది పడతారన్నది. ఇప్పటి లెక్క ఎంతమంది క్షేమంగా బయటికి వస్తారన్నది. లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో కాప్ అని పేరున్న గ్యాలరీ ఒకటుంది. అందరూ నిలబడి చూసే రోజుల్లో, ఒక దశలో, అందులో 28 వేల మంది పట్టేవాళ్లు. 1994లో సీట్లు వేశాక 12 వేల చిల్లర. సగానికి సగం కన్నా తగ్గింది.

ఎందుకు వేశారు సీట్లు? ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది ప్రాణాల సంగతి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్ అభిమానులు 97 మంది చనిపోయారు. స్టేడియం మొత్తం కిక్కిరిసిపోయి కాదు. గోల్ వెనక ఇనుప కంచెలతో విడదీసిన అరల్లో మధ్య అరలు రెండూ నిండిపోయాయి. పక్క అరల్లో చోటుంది. బయట తోపులాట ఎక్కువైందని పెద్ద గేటు తెరిస్తే, వచ్చినవాళ్లంతా ఎదురుగా కనబడిన సొరంగంలోంచి ఆ మధ్య అరల్లోకే వెళ్లారు. పక్కకి వెళ్లండని చెప్పేవాడు ఆ దారి దగ్గర లేడు. ఆ తర్వాత జస్టిస్ టేలర్ నివేదిక వచ్చింది, అక్కడి పెద్ద లీగుల స్టేడియాలన్నీ సీట్లకు మారాయి.

మన దగ్గర జరగలేదా? 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో, అదే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో 16 మంది చనిపోయారు. మ్యాచ్ చూడటానికి ఇంట్లో చెప్పి వెళ్లినవాళ్లు. 2022 అక్టోబరులో ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు బాష్పవాయువు వదిలితే జనం గేట్ల వైపు పరిగెత్తారు. ఆ ఇరుకు గేట్ల దగ్గర ఊపిరాడక నలిగిపోయారు. మొత్తం 135 మంది పోయారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. 35 వేల మంది పట్టే చోటికి రెండు లక్షలకు పైగా వచ్చారు, 11 మంది తిరిగి ఇళ్లకు వెళ్లలేదు. దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి కింద క్యూలో నిలబడ్డ ప్రతివాళ్లకీ తెలుసు, భయమంతా మలుపు దగ్గరా గేటు దగ్గరా ఉంటుంది. స్టేడియంలోనూ అంతే.

అందుకని సామర్థ్యం అనే అంకె ఎలా పుడుతుందో వివరంగా చెబుతాను. ఇది మీరు తెలుసుకుంటే రేపు ఎవరు ఎంత పెద్ద అంకె చెప్పినా నాలుగు ప్రశ్నలు అడగగలుగుతారు. బ్రిటన్‌లో హిల్స్‌బరోకు ముందు నుంచీ ఉన్న గ్రీన్ గైడ్ అనే నియమావళి చాలా దేశాలకు ఆధారం. దాని ప్రకారం నాలుగు లెక్కలు విడివిడిగా కట్టాలి. గంటలో ఎంతమంది లోపలికి రాగలరు, లోపల ఎంతమంది కూర్చోగలరు, ఆట అయ్యాక ఎంతమంది బయటికి పోగలరు, ప్రమాదం వస్తే ఎంతమంది తప్పించుకోగలరు. నాలుగింటిలో ఏది చిన్నదో అదే ఆ స్టేడియం సామర్థ్యం. మిగతా మూడూ ఎంత పెద్దవైనా సరే.

ఒక తిరుగుడు గేటులోంచి గంటకు 660 మందికి మించి లెక్కలోకి తీసుకోకూడదు. అంటే పాతిక వేల స్టేడియానికి 38 గేట్లు కావాలి. మనం చూసిన స్టేడియాల్లో మ్యాచ్ రోజున ఎన్ని గేట్లు తెరిచి ఉంటాయి? మీరే గుర్తు చేసుకోండి. బయటికి పోయే దారిలో, మీటరు వెడల్పున నిమిషానికి 82 మంది. మెట్ల మీదైతే 66 మందే. అందరూ ఎనిమిది నిమిషాల్లోపు బయటపడాలి. సీట్లున్నంత మాత్రాన సరిపోదు, కట్టడం ఎలా ఉంది, సిబ్బందికి శిక్షణ ఉందా అని రెండు మార్కులు వేస్తారు, రెండూ ఒకటికి మించవు. తక్కువ మార్కుతో సీట్లను గుణిస్తారు. పదివేల సీట్లకి 0.6 వస్తే ఆరు వేల టికెట్లే అమ్మాలి. 2017 ప్రపంచ కప్పప్పుడు కొచ్చిలో ఇదే జరిగింది. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మ్యాచ్‌లకు 60 వేల మంది దాకా వచ్చిన స్టేడియాన్ని భద్రత కారణంగా 29 వేలకు కుదించారు.

మాస్టారు అడుగుతున్నారు, "వెదురు గ్యాలరీలు కట్టుకుంటే చవక కదా" అని. కేరళ మలబారులో, జట్టుకు ఏడుగురు ఆడే సెవెన్స్ ఆటకు అలాగే కడతారు, వేలమంది వస్తారు, ఆ ఉత్సాహం చూడాల్సిందే. కానీ 2022 మార్చిలో మలప్పురం జిల్లాలో అలాంటి తాత్కాలిక గ్యాలరీ కూలి చాలామంది గాయపడ్డారు. లెక్క కట్టి, బరువు పెట్టి పరీక్షించకుండా ఒక్క వరస కూడా వద్దు మాస్టారూ. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

చిన్నదైతేనే నిండింది

సరే, భద్రత సంగతి అలా ఉంచి నిండటం సంగతి చూద్దాం. ఇటలీలో యువెంటస్ అంటే ఎంత పెద్ద క్లబ్బో పిల్లలకు కూడా తెలుసు. 1990 ప్రపంచ కప్పు కోసం ట్యూరిన్‌లో దెల్లే ఆల్పి అని 69 వేల సీట్ల స్టేడియం కట్టారు. యువెంటస్ ఆ స్టేడియంలో ఆడింది. మధ్యలో అథ్లెటిక్స్ ట్రాకు, జనానికి ఆట ఎక్కడో దూరంగా కనబడేది. 2001-02 సీజన్లో ఒక కప్పు మ్యాచ్‌కి, సాంప్‌డోరియాతో, వచ్చినవాళ్లు 237 మంది. రెండు వందల ముప్ఫై ఏడు! యువెంటస్ ఆడుతుంటే! చివరికి ఆ స్టేడియాన్ని పడగొట్టి, అదే స్థలంలో 41 వేల సీట్లతో కొత్తది కట్టి 2011లో తెరిచారు. మైదానం హద్దు గీతకీ మొదటి వరసకీ మధ్య ఏడెనిమిది మీటర్లే. అప్పట్నుంచీ అది నిండుతోంది. 28 వేల సీట్లు తగ్గించుకుని జనాన్ని పెంచుకున్నారు.

ట్రాకు సంగతి లెక్కగా చెబుతాను. ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 వెడల్పు. దాని చుట్టూ ఎనిమిది లేన్ల 400 మీటర్ల ట్రాకు వేస్తే, పక్కల్లో కూర్చున్నవాడికి గీత 12 మీటర్ల దూరం అవుతుంది, పరవాలేదు. గోల్ వెనక మాత్రం ట్రాకు వంపు తిరగాలి కాబట్టి, మొదటి వరసకీ గోల్ పోస్టుకీ మధ్య 35 మీటర్లు దాటిపోతుంది. అక్కడ కూర్చున్న పిల్లవాడికి ఏం కనబడుతుంది? బంతి ఎవరి కాలి దగ్గరుందో కూడా తెలియదు. మన దేశంలో ఐఎస్ఎల్ ఆడిన స్టేడియాల్లో సాల్ట్‌లేక్, గచ్చిబౌలి, కంఠీరవ అన్నీ ట్రాకులున్నవే. అథ్లెటిక్స్ వద్దని నేను అనటం లేదు, ఆ పిల్లలకూ మైదానం కావాలి. రెండింటినీ ఒకచోట కలిపితే చూసేవాడికి దూరం పెరుగుతుందని మాత్రం చెబుతున్నాను.

ఇక మన లబ్బీపేట ఇందిరా గాంధీ స్టేడియం. 2002 నవంబరులో భారత్, వెస్టిండీస్ వన్డే ఇక్కడే జరిగింది, ఇక్కడ ఉన్నవాళ్లలో కొందరు వెళ్లే ఉంటారు. ఆ తర్వాత క్రికెటర్లు వేరే చోట్లు చూసుకున్నారు, బందరు రోడ్డు పక్కన ఆ మైదానం జెండా పండుగ కవాతులకీ, పెద్ద సభలకీ ఎక్కువగా ఉపయోగపడుతోంది. అందులో తప్పు పట్టేదేం లేదు, ఊరికి అలాంటి చోటు అవసరమే. కానీ పెద్ద మైదానానికి పెద్ద ఖర్చు, ఆ ఖర్చు రాబట్టాలంటే ఆట కానివన్నీ లోపలికి వస్తాయి. ఆటకు తేదీలు దొరకవు. యాభై వేలది కడితే ఇదే ఇంకా ఎక్కువ అవుతుంది.

"మనది ఎంత ఊరు, మనకు జనం వస్తారా" అని ఇంకొకరి అనుమానం. ఫ్రాన్సులో లాన్స్ అని ఒక ఊరుంది. బొగ్గు గనుల ఊరు. జనాభా ముప్ఫై వేల పైచిలుకు. స్టేడియంలో 38 వేల సీట్లు. ఊరికన్నా స్టేడియం పెద్దది, అయినా చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలొచ్చి నింపుతాయి. స్పెయిన్‌లో ఐబర్ అని 27 వేల జనాభా ఉన్న ఊరు, 2014 నుంచి 2021 వరకు ఏడు సీజన్లు బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ ఉన్న లీగులోనే ఆడింది. వాళ్ల మైదానంలో సీట్లు ఎనిమిది వేలు. ఎనిమిది వేలతోనే మెస్సీ ఆ ఊరికొచ్చి ఆడి వెళ్లాడు. విజయవాడ, గుంటూరు జనాభా కలిపి లెక్కేసుకోండి. మనకు మనుషుల కరువు లేదు. ప్రతి పదిహేను రోజులకోసారి, ఫలానా శనివారం సాయంత్రం, మా ఊరి జట్టు ఆడుతుంది అనే నమ్మకం కరువైంది.

హోమ్ మ్యాచ్ అంటే

ఆ నమ్మకం గురించే ఇప్పుడు చెప్పబోయేది. తెలుగువాళ్లందరం బాధపడాల్సిన కథ ఇది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, పుణె క్లబ్బు స్థానంలో వచ్చింది. మొదటి సీజన్లో గచ్చిబౌలిలో ఆడి అట్టడుగున నిలిచింది. తర్వాత కోవిడ్. రెండు సీజన్లు మ్యాచ్‌లన్నీ గోవాలోనే. 2022 మార్చి 20న ఫటోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ ఛాంపియన్ అయింది. ఒక్కసారి ఆలోచించండి. దేశానికే ఛాంపియన్ అయిన జట్టు, ఆ సీజన్ మొత్తంలో సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఫైనల్‌కి గ్యాలరీల్లో ఎక్కువ కనబడింది కేరళ పసుపు రంగే. మనవాళ్లు గెలిచారు, మన పిల్లలు ఆ కప్పుని టీవీలో చూశారు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి వెళ్లిపోయింది. క్లబ్బు పోవడానికి డబ్బు కారణాలున్నాయి, నిజమే. కానీ ప్రతి పక్షం గచ్చిబౌలి నిండి ఉంటే, ఊరు ఊరంతా అడ్డం నిలబడేది కాదా? జట్టుకీ జనానికీ ముడి పడాల్సిన ఆ రెండేళ్లూ గోవాలో గడిచిపోయాయి.

మనకు ఆట తెలియక కాదండీ. భారత జట్టుకు కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ వాడే. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ కుర్రాడు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దాదాపు లక్షమంది జనం మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే, దక్షిణ కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. లక్షమంది ఎదురు నిలిచినా ఆడగలిగారంటే అది రహీం గారి శిక్షణ. ప్రతి జట్టుకీ అది సాధ్యం కాదు. కోవిడ్‌లో ఖాళీ స్టేడియాల్లో ఆడినప్పుడు హోమ్ జట్టుకు ఉండే మొగ్గు తగ్గిందని, బయటి జట్లకు రిఫరీలు కార్డులు తక్కువ చూపించారని చాలా లీగుల్లో తేలింది. జనం అరుపు ఆటలో భాగమే.

మరి జనాన్ని ఎలా రప్పించాలి? 2018 జూన్ 1న ముంబయిలో చైనీస్ తైపేతో భారత్ మ్యాచ్. సునీల్ ఛెత్రి హ్యాట్రిక్, మనం 5-0. చూసినవాళ్లు 2,569 మంది. మర్నాడు ఛెత్రి ఒక వీడియో పెట్టాడు. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి రండి అని చేతులు జోడించినంత పని చేశాడు. మూడో రోజున కెన్యాతో మ్యాచ్‌కి టికెట్లన్నీ అయిపోయాయి. అది ఆయన నూరో మ్యాచ్. అంత చేస్తే నిండింది ఎంత? తొమ్మిది వేల లోపే. ముంబయి మైదానం చిన్నది కాబట్టి నిండుగా కనబడింది, ఆటగాళ్లకు ఊపు వచ్చింది. అదే జనం సాల్ట్‌లేక్‌లో కూర్చుంటే గ్యాలరీలు బోసిపోయి ఉండేవి. బెంగళూరు ఎఫ్‌సీ కూడా 2013లో అశోక్‌నగర్‌లోని చిన్న మైదానంలోనే మొదలుపెట్టింది. అక్కడ అభిమానులు కూడగట్టుకుని, పాటలు నేర్చుకుని, తర్వాతే కంఠీరవకు మారారు. వరస అదండీ. ముందు చిన్నదాంట్లో అలవాటు పడాలి.

ఇప్పుడు మన లెక్క. 105 మీటర్ల పొడవున, సీటుకు అర మీటరు చొప్పున, నడిచే దారులు తీసేస్తే వరసకు 180 సీట్లు. 14 వరసలు వేస్తే 2,520. రెండు పక్కలా వేస్తే 5,040. వరసకు 80 సెంటీమీటర్ల లోతు, అంటే 14 వరసలకు 11 మీటర్లు. చివరి వరసలో కూర్చున్నా గీతకు పదిహేడు పద్దెనిమిది మీటర్ల దూరంలోనే ఉంటాం, ఆటగాడి కేక వినబడుతుంది. గేట్లు ఎనిమిది. బయటికి పోయే దారులు కలిపి ఎనిమిది మీటర్లు చాలు, నేనైతే ఒక గేటు మూసుకుపోయినా ఇబ్బంది రాకుండా పన్నెండు పెడతాను. గోల్ వెనక రెండు వైపులా స్థలం వదిలేద్దాం. అయిదు వేలూ నిండి, జనం బయట నిలబడే రోజు వస్తే అప్పుడు అక్కడ కడదాం. ఇందుకు కొత్త స్థలం అక్కర్లేదు, పెద్ద కాలేజీ గ్రౌండు అంచుల్లో సరిపోతుంది.

అమ్మా, మీరు ఇందాకట్నుంచి చెయ్యెత్తుతున్నారు. ఆడవాళ్ల సంగతి. మంచి ప్రశ్న. బార్సిలోనా మహిళల జట్టు 2022 మార్చిలో రియల్ మాడ్రిడ్‌తో ఆడితే క్యాంప్ నౌకి 91,553 మంది వచ్చారు, మర్నెలలో వోల్ఫ్స్‌బర్గ్‌తో 91,648. ఆడపిల్లల ఆటను చూడరు అనేవాళ్లకు అవి చాలు. మన దగ్గర ఆడవాళ్లు రాకపోవడానికి ఆట కారణం కాదు. శుభ్రమైన బాత్‌రూమ్ ఉండదు, వెలుతురు ఉండదు, ఆట అయ్యాక ఆటో దొరకదు. ఆ మూడూ డ్రాయింగులోనే ఉండాలి. మ్యాచ్ సాయంత్రం ఆరున్నరకు మొదలై ఎనిమిదిన్నరకు అయిపోవాలి. మన ఎండలకు మధ్యాహ్నం మూడింటికి పెట్టి, జనం రాలేదంటే ఎలా? ఫ్లడ్‌లైట్ల ఖర్చు సీట్ల కన్నా ముందు పెట్టమంటాను.

ఇక అన్నిటికన్నా ముందు పని, లెక్క రాయడం. ఇంగ్లండ్‌లో కూడా కొన్ని క్లబ్బులు ప్రకటించే అంకె అమ్మిన టికెట్లది, సీజన్ టికెట్ కొని ఇంట్లో కూర్చున్నవాళ్లనీ కలిపేస్తారు. మనకు అది వద్దు. గేటు దాటిన తలలే లెక్క. మన జిల్లా లీగు మ్యాచ్‌లకు నిజంగా ఎంతమంది వస్తున్నారో రాసిన పుస్తకం ఉంటే, స్థలం ఇవ్వమని వెళ్లినప్పుడు బల్ల మీద పెట్టవచ్చు. రెండు వందలైతే రెండు వందలనే రాద్దాం. పెంచి రాయొద్దు, పెంచి రాస్తే మెట్లు తప్పు కడతాం. మ్యాచ్ తేదీ, మొదలైన టైము, గేటు దాటినవాళ్లు, అందులో ఆడవాళ్లు, పిల్లలు, హాఫ్ టైమ్‌కి ఎంతమంది మిగిలారు. అంతే. విజయవాడలో మ్యాచ్‌లకు గేటుకి ఇద్దరు చొప్పున కావాలి. గుంటూరులో బ్రహ్మానందరెడ్డి స్టేడియం దగ్గర్లో ఉండేవాళ్లు ఎవరైనా ముగ్గురు నలుగురు ముందుకు రండి. కాగితం ఇటువైపు నుంచి పంపిస్తున్నాను, పేరు, మీకు వీలున్న రోజులు రాసి వెనక వరసకు ఇవ్వండి. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.